ఏమీ కలపని డబ్బా, మా మైకు చాచా

మొన్న బుధవారం పొద్దున మా పిండి గిర్నిలో జొన్నలు పోస్తున్నాను. మసీదు మైకులో ఏలాన్ మొదలైంది. మా జహీరాబాదులో ముస్లిముల ఇళ్ళల్లో ఎవరైనా పోతే ఇట్లాగే చెబుతారు. ముందు పేరు, తర్వాత తండ్రి పేరు, గల్లీ పేరు, ఆ తర్వాత జనాజా నమాజు ఏ వేళకో. పేరు వినగానే మోటారు ఆపేశాను. ఆపినా బెల్టు ఇంకా తిరుగుతూనే ఉంది. ఏలాన్ రెండోసారి చదివారు. అదే పేరు.

తప్పు విన్నానేమో అని సర్దిచెప్పుకోవడానికి కూడా సందు దొరకలేదు. ఆ మైకు బిగించింది ఆయనే. హారన్లు ఏ వైపు తిప్పాలో, ఎంత కిందికి వంచాలో నిచ్చెన మీద నిలబడి మూడు రోజులు చూసుకుని బిగించారు. ఊళ్ళో మాట అన్నింటికన్నా స్పష్టంగా వినిపించే మైకు అదే. ఆ మైకు ఆయన పేరే చెప్పింది. ఒక్క అక్షరం మింగకుండా చెప్పింది.

ప్రియులారా, నేను సమాధుల పక్కన నిలబడి వాక్యం చెప్పే మనిషిని. మన బ్రతుకు కాసేపు కనబడి మాయమయ్యే ఆవిరి వంటిదని ఎన్ని ఊళ్ళల్లో గొంతు చించుకుని చెప్పానో! ఆ మాట నా మీదే వచ్చి పడ్డ పూట అది నాకే అక్కరకు రాలేదు. ముందు రోజు సాయంత్రం నాలుగు గంటలకు ఆయన పక్కన కూర్చున్నానయ్యా! మిరపకాయ బజ్జీ తింటూ నన్ను ఆటపట్టించిన మనిషి. జ్వరం లేదు, నొప్పి లేదు. పొద్దున నమాజుకు కాళ్ళు చేతులు కడుక్కుంటూ గోడ పట్టుకుని కూర్చుండిపోయారట. గుండె అన్నారు. దవాఖానకు తీసుకుపోయే లోపే అయిపోయిందట. ఈ ‘అట’లన్నీ రాస్తున్నాను గానీ వీటిలో ఒక్కటి కూడా నాకు ఇంకా మనసుకు పట్టలేదు.

నేను ఆయన్ని చాచా అనేవాణ్ణి. మా నాన్న పెట్టిన పిండి గిర్ని, ఆయన మైకుల దుకాణం పక్కపక్కనే ఉండేవి కాబట్టి చిన్నప్పటి నుంచీ అదే పిలుపు. ఊరంతటికీ మైకు చాచా. పెళ్ళి బరాతుకు ఆయన మైకే, గణేశ్ మండపానికి ఆయన మైకే, దర్గా ఉర్సుకూ ఎన్నికల మీటింగుకూ మా ప్రార్థన కూటాలకూ ఆయన మైకే. చిరాగ్‌పల్లి నుంచి రాయికోడ్ దాకా ఎక్కడ ఆంప్లిఫయరు కాలినా ఆయన బల్ల మీదికి రావలసిందే. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. బీదరులో ఒక ముసలి రేడియో మిస్త్రీ దగ్గర అతుకులు పెట్టడం మాత్రం నేర్చుకున్నారు, మిగిలిన విద్యంతా విప్పి చూసి సంపాదించుకున్నదే. నేనూ లేఖనాన్ని అట్లాగే నేర్చుకున్నాను. గురువు లేడు, బైబిలు కాలేజీ లేదు. గిర్ని చప్పుడులో, పిండి పడ్డ పేజీలు దులుపుకుంటూ చదివిన చదువు. అందుకే మా ఇద్దరికీ పడింది. అందుకే మేమిద్దరం తగువులాడుకున్నాం కూడా.

మైకును వేలితో తట్టేవాణ్ణి చూస్తే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. ఉఫ్ ఉఫ్ అని ఊదేవాణ్ణి చూస్తే ఇంకా కోపం. “ఎవడన్న నీ చెంప మీద కొట్టి, ఏమయ్యా ఇనవడ్తుందా అని అడుగుతడా?” అనేవారు. ఆయన హలో హలో కూడా అనేవారు కాదు. మైకు ముందర నిలబడి, పెళ్ళిపత్రిక చదివినట్టు గంభీరంగా, “పచ్చజొన్నలు, సజ్జలు, శెనగపప్పు, చెరుకు” అనేవారు. జనం నవ్వేవారు. ‘ప’ అన్నప్పుడు మైకు గుద్దినట్టు మోగుతుందా, ‘స’ అన్నప్పుడు ఈల వేస్తుందా, ‘చ’ తెగుతుందా అన్నది ఆ నాలుగు మాటల్లో ఆయనకు తెలిసిపోయేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా ప్రార్థన మందిరం రేకుల షెడ్డు. ఆదివారం దాదాపు డెబ్బై మంది వస్తారు. ఝరాసంగం వైపు నుంచి ఒక అవ్వ షేర్ ఆటోలో వచ్చి ఎప్పుడూ వెనక బెంచీ చివర కూర్చుంటుంది. ఒక ఆదివారం కూటం ముగిశాక నా దగ్గరికి వచ్చి, “బిడ్డా, ఒక మాట అంటె కోపానికి రాకు” అంది.

“చెప్పు అవ్వా.”

“నీ గొంతు ఇనవడ్తది. నువ్వేం చెప్తున్నవో ఇనవడ్తలేదు. ఏడాది సంది గట్లనే ఉంది. అందరు ఆమెన్ అంటె నేను గూడ అంట.”

ఏడాది! ఏడాది పాటు ఆ ముసలి ప్రాణం ఆటోలో ఎగిరెగిరి పడుతూ వచ్చి, నా మాట ఒక్కటీ అందకుండానే తిరిగి పోయిందన్నమాట. గంజి పెడతానని పిలిచి ఖాళీ గిన్నె చేతిలో పెట్టినట్టయింది. మంచం పట్టిన వాళ్ళ కోసం నా ప్రసంగాలు రికార్డు చేసి ఫోన్లకు పంపేవాణ్ణి. వాళ్ళను అడిగితే అప్పుడు బయటపడింది, అందులోనూ గరగర తప్ప మాట తెలియడం లేదని. మొహమాటానికి ఎవరూ చెప్పలేదు.

వెంటనే చాచా దగ్గరికి పోయి, ఇంకా పెద్ద ఆంప్లిఫయరు కావాలన్నాను. ఆయన చేతిలో పని ఆపకుండానే నవ్వారు.

“పైవాడికి చెవుడు లేదు బేటా. ఎందుకు గంత ఒర్లుతవ్?”

చురుక్కుమంది. ఎందుకంటే ఆ మాట నాకు తెలుసు. కొండ మీద నిలబడ్డ ప్రవక్త, పొద్దుటి నుంచీ అరుస్తున్న అబద్ధ ప్రవక్తలను అట్లాగే ఎగతాళి చేశాడు. ఇంకా గట్టిగా పిలవండి, మీ దేవుడు నిద్రపోతున్నాడేమో అన్నాడు. ఆ భాగం మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను, ప్రతిసారీ ప్రవక్త పక్షాన నిలబడే చేశాను. ఆ సాయంత్రం మొదటిసారి నన్ను అవతలి గుంపులో నిలబెట్టారు. నిలబెట్టింది ఆ గ్రంథం చదవని మనిషి.

“పెద్ద ఆంప్లిఫయరు పెడితె పెద్ద గోల అయితది,” అన్నారు చాచా. “రోగమేందో చూడకుంట సూది ఇయ్యద్దు. ముందుగాల సౌండు ఎట్ల పోతుందో కొలుద్దాం.”

కొలవడానికి కంప్యూటరు నాకుంది. రికార్డింగు కోసమే కొన్న పాత లాప్‌టాప్. కానీ మైకులో పడ్డ శబ్దాన్ని కంప్యూటరుకు అర్థమయ్యే లెక్కలుగా మార్చి ఇచ్చేందుకు బయట ఒక పెట్టె పెట్టుకోవాలి. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. చాచా ఒక్కనాడూ ఆ పేరు అనలేదు. ఆయనకది డబ్బా. అదే డబ్బా రికార్డింగుకూ పనికి రావాలి, కొలతకూ పనికి రావాలి. ఎట్లాంటిది కొనాలి అని అడిగాను.

“మైకులు రెండు పట్టాలె, చాలు. సౌండును కొలిచే మైకుకు కరెంటు డబ్బానే ఇయ్యాలె. సౌండు పెంచే బిరడ మీద గీతలు ఉండాలె, మళ్ళ ఎప్పుడు తిప్పినా ఆడికే వచ్చేటట్టు. లాప్‌టాప్ బ్యాటరీ మీదనే నడవాలె, కరెంటు పోతె ఆగద్దు. అన్నిటికన్న పెద్ద సంగతి చెప్త, ఇను. లోపలికి ఏం పోతదో బయటికి గదే రావాలె. ఏం కలపద్దు, ఏం తీసెయ్యద్దు.”

నేను ఉలిక్కిపడ్డాను. వాక్యానికి ఏమీ కలపకూడదు, అందులో నుంచి ఏమీ తీసివేయకూడదు అన్నది ధర్మశాస్త్రంలో మాకున్న ఆజ్ఞ. బోధకుడికి పెట్టిన షరతే ఈయన ఒక డబ్బాకు పెడుతున్నారు!

విన్నాను, తల ఊపాను, ఇంటికి పోయాను. పోయి ఏం చేశాను? ఫోనులో రంగురంగుల బొమ్మ చూసి వేరేది తెప్పించాను. ఎనిమిది మైకులు పట్టేది. చుట్టూ దీపాలు. ఎకోకు ఒక మీట, గొంతును గంభీరంగా చేసే మీట ఇంకొకటి. నా గొంతు అందులో గుహలో నుంచి ప్రవక్త పలికినట్టు వినబడింది. మురిసిపోయాను. మన కూటాల్లో ఎకో లేకపోతే ప్రార్థన చప్పగా ఉన్నట్టు అనుకుంటాం కదా! ఆ మోజే.

చాచా దాన్ని బల్ల మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక మీట నొక్కారు. దుకాణం అంతా చప్పట్లు మోగాయి.

“వాహ్! నీ ప్రసంగానికి డబ్బానే చప్పట్లు కొడ్తది. ఇగ జనం ఎందుకు బేటా, ఇంటికి తోలెయ్.”

“అది నొక్కను చాచా. మిగతావన్నీ బాగున్నయి. గొంతు ఎంత మంచిగ వస్తదో ఇనుండ్రి.”

“గొంతు మంచిగ వస్తదని కొంటివా, ఉన్నది ఉన్నట్టు వస్తదని కొంటివా?”

ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ కొలత సామాను వచ్చినా ముందు దాన్నే కొలిచేవారు. డబ్బాలో శబ్దం బయటికి పోయే చోట ఒక తీగ గుచ్చి, దాని రెండో కొసను శబ్దం లోపలికి వచ్చే చోట గుచ్చారు. మైకు లేదు, స్పీకరు లేదు. డబ్బా మాట డబ్బాయే వింటుంది. కంప్యూటరులో నుంచి సన్నని కూత ఒకటి పంపారు. అది బొంగురుగా మొదలై పైపైకి పోయి కీచుగా మారే కూత. నిజాయితీ గల డబ్బా అయితే తెర మీద తిన్నని గీత రావాలి. మీటలన్నీ మూసి ఉన్నాయి. అయినా గీత ఒంటె వీపులా లేచింది. బొంగురు స్వరాల దగ్గర గుబ్బ, కీచు స్వరాల దగ్గర లోయ.

“అన్నీ బందు చేసినా ఇది కలుపుతనే ఉంది,” అన్నారు. “అబద్ధం ఆడుతుంది. తియ్యగ ఆడుతుంది, గందుకే నీకు నచ్చింది.”

దొంగ త్రాసు గురించి, సంచిలో రెండు రకాల రాళ్ళు పెట్టుకునే వర్తకుల గురించి ఉరిమి ఉరిమి చెప్పే నేను, నా గొంతు కోసం దొంగ త్రాసు కొని తెచ్చుకున్నాను. మారుమాట్లాడకుండా దాన్ని వాపసు పంపాను. ఈసారి ఆయన వేలు పెట్టి చూపించిందే తెప్పించాను. బూడిదరంగు రేకు పెట్టె, ముందర రెండు రంధ్రాలు, గీతలున్న రెండు బిరడలు. దీపాలు లేవు, ఒక్క ఎర్ర చుక్క తప్ప. మైకులో మరీ గట్టిగా అరిస్తే ఆ చుక్క వెలుగుతుంది. తీగ గుచ్చి చూస్తే గీత దారం లాగి పట్టినట్టు వచ్చింది. చాచా ముఖం చూడవలసింది, మనవరాలు పుట్టిందన్నంత వెలుగు!

దాంతో పాటు కొలత మైకు వచ్చింది. దానితో ఒక చిన్న పట్టీ. ఈ మైకు ఏ స్వరం దగ్గర ఎంత తప్పుతుందో తయారు చేసినవాళ్ళే పరీక్షించి రాసి ఇస్తారు. కంప్యూటరుకు ఆ పట్టీ ఇస్తే ఆ మేరకు సరిచేసుకుంటుంది. “తన తప్పు తానే రాసుకొని వచ్చే సామాను ఇదొక్కటే ఉంది దునియాల,” అన్నారు చాచా. పాపపు ఒప్పుకోలు గురించి నేను అంతకన్నా మంచి మాట ఏ వేదిక మీదా వినలేదు.

డబ్బా వచ్చిన ఉత్సాహంలో ఒక మంగళవారం నేనొక్కణ్ణే మందిరం కొలిచి, గీతలు పట్టుకుని పోయాను. ఆయన చూడను కూడా చూడలేదు.

“ఎంతమంది ఉండె లోపల?”

“ఎవ్వరు లేరు. మంచి నిశ్శబ్దంగ ఉండె.”

“ఖాళీ బెంచీలకు ప్రసంగం చేస్తవా నువ్వు? మనుషులు కూసుంటె చీరలు, బట్టలు, ఒళ్ళు, అన్నీ శబ్దాన్ని మింగుతయి. ఇత్వార్ నాడు జనాన్ని కూసోపెట్టి కొలవాలె.”

అట్లా ఆదివారం వచ్చింది. కూటం ముగిశాక ఎవరినీ లేవవద్దని చెప్పాను. ఫ్యాన్లు ఆపించాను. చాచా వెనక బెంచీ దగ్గర, సరిగ్గా అవ్వ తల ఎత్తున, కొలత మైకు నిలబెట్టారు. నేను ముందర లాప్‌టాప్ దగ్గర. స్పీకర్లలో నుంచి కూత బయలుదేరింది. బొంగురుగా, తర్వాత సన్నగా, ఇంకా సన్నగా, దారం అంచులా అయింది. అది పూర్తిగా ముగియకముందే డెబ్బై గొంతులు “ఆమెన్!” అన్నాయి.

కొలత పాడైంది. “ఆమెన్ అనకండి, ఇది ప్రార్థన కాదు” అని బతిమాలాను. తలలు ఊపారు. రెండోసారి కూత పోయింది. “ఆమెన్!” అలవాటయ్యా! ఎక్కడ ఒక శబ్దం ఆగితే అక్కడ ఆమెన్ అనడం మా జనానికి ఎముకల్లో ఉంది. చాచా గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. “మీ డబ్బా సువార్త చెప్పినట్టుంది బేటా, మస్తు ఆశీర్వాదం అయితుంది!”

మూడోసారి నాకు కోపం వచ్చి కళ్ళెర్ర చేశాను. కుర్ర వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. అప్పుడు వినబడింది అసలు సంగతి. కూత ఇంకా నా చెవిలో సన్నగా సాగుతూనే ఉంది. వెనక బెంచీల్లో ముసలివాళ్ళు మాత్రం అప్పటికే “ఆమెన్” అన్నారు. వాళ్ళకది అయిపోయింది. ఆ పైన ఉన్నదేదీ వాళ్ళ చెవికి లేనే లేదు.

నేను చాచా వైపు చూశాను. ఆయన అవ్వ పక్కనే నిలబడి ఉన్నారు. అవ్వ ఆమెన్ అన్న క్షణానే ఆయన కూడా, అయిపోయింది ఆపు అన్నట్టు నాకు చెయ్యి ఊపారు. నా చెవిలో కూత ఇంకా మోగుతోంది.

ఆయన నా ముఖం చూశారు. చెయ్యి దించేశారు. నవ్వు ఆగిపోయింది.

సామాను సర్దుకుంటూ, ఎవరూ లేకుండా చూసి చెప్పారు. “రెండేండ్లు అయితుంది బేటా. పై శబ్దాలు పోయినయి. ‘స’కు ‘త’కు ఫరక్ తెలుస్తలేదు, మూతులు చూసి అర్థం చేసుకుంటున్న. మైకోడికి చెవులు పోయినయని తెలిస్తె ఎవడన్న బేరం ఇస్తడా? గందుకే డబ్బా, గందుకే కొలత. నా చెవి అబద్ధం చెప్పుడు షురూ చేసింది. అబద్ధం చెప్పనిది ఒకటన్న ఉండాలె గద నా తాన.”

ఆ డబ్బాను అంత పట్టుదలగా ఎంచింది అవ్వ కోసం, నా కోసం అనుకున్నాను. తన పోయిన చెవుల స్థానంలో ఏది పెట్టుకోవాలో తెలిసిన మనిషి ఎంచిన ఎంపిక అది.

ఈ సంగతి ఇప్పుడు రాయవచ్చా అని చాచా భార్యను, మా చాచీని, అడిగాను. “రాయి బేటా. ఇప్పుడెవరు బేరం తప్పిస్తరు?” అంది. “నాకు చెప్పలే ఎన్నడు. నాకెరుకనే. వంటింట్ల నుంచి పిలిస్తె పలుకకపోదురు. ఎదురుంగ వచ్చి పిలుస్తుంటి, తెల్వనట్టు.”

ఆ ఆమెన్లు ఎంతసేపు మోగాయో తెర మీద చూశాకే మందిరం రోగం తెలిసింది. రేకు కప్పుకూ వెనక గోడకూ తగిలి నా శబ్దం తిరిగి వస్తోంది. దానికి నేను ఎకో కలుపుతున్నాను. పైగా అరుపు. ముసలి చెవుల్లో మిగిలిన ఆ కాస్త స్వరాల మీద ఇదంతా బురదలా పేరుకుంటోంది. ఎకో సున్నా చెయ్యమన్నారు చాచా. స్పీకర్లు కప్పు వైపు కాకుండా మనుషుల ముఖాల వైపు వంచమన్నారు. వెనక గోడకు దూది బొంతలు కట్టమన్నారు. అన్నింటికీ సరేనన్నాను. చివరిది మిగిలింది.

ఆ చివరిది మొన్న మంగళవారం సాయంత్రం నాలుగింటికి, బజ్జీల పొట్లం మధ్యలో పెట్టుకుని చెప్పారు. నా రికార్డింగు తెర మీద తెరిచి చూపించారు. నా మాటల గీతలు అరుపుకు అంచులు తెగి, బల్లపరుపుగా ఉన్నాయి.

“గిర్నిల ఒర్లి ఒర్లి నీకు గదే ఆదతు పడ్డది. ఒక మాట ఒర్లుతవ్, దాని గోల తగ్గకముందే ఇంకో మాట ఒర్లుతవ్. ఎనకది ముందుదాన్ని తింటది. సౌండు తగ్గియ్. జర నిదానంగ చెప్పు.”

“చాచా, వాక్యమంటె అగ్ని. ఎముకల మండే అగ్ని. దాన్ని తగ్గియ్యమంటె ఎట్ల?”

“అగ్గి తగ్గియ్యమన్ననా? పొగ తగ్గియ్యమన్న.”

“మీకు చెప్పినా అర్థం కాదు,” అన్నాను. అన్నానయ్యా, ఆ నోటితోనే.

ఆయన నొచ్చుకోలేదు. ఇంకో బజ్జీ నా వైపు జరిపారు. “సరే. ఈ ఇత్వార్ నాడు నేను తెర చూడ, గీత చూడ. ఎనక బెంచి మీద అవ్వ పక్కపొంటి కూసుంట. నీ మూతి గూడ చూడ, తల వంచుకుంట. నువ్వు చెప్పింది నాకు తెలిసిందా, అవ్వకు తెలిసినట్టే. ఒప్పుకుంటవా?”

నేను జవాబు చెప్పలేదు. గిర్ని తెరవాలని లేచి వచ్చేశాను. బజ్జీ కూడా తీసుకోలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపటి గురించి గొప్పలు చెప్పుకోవద్దని ఊరూరా చెప్పే మనిషిని!

పొద్దున ఏలాన్ వచ్చింది.

ఖబరస్తానులో నేను గేటు లోపల ఒక పక్కన నిలబడ్డాను. ఆటోవాళ్ళు, డప్పువాళ్ళు, గుడి కమిటీవాళ్ళు, లైటింగ్ పనివాళ్ళు, అందరూ వచ్చారు. మా సంఘపెద్ద నా భుజం తట్టి, “ఏమన్న రెండు మాటలు చెప్తరా బ్రదర్, బయట?” అన్నాడు. వద్దని తల ఊపాను. జనం వరుసగా గుప్పెడు గుప్పెడు మట్టి వేస్తున్నారు. నేనూ వేశాను. వేసి, ఒప్పుకుంటున్నా చాచా అన్నాను. పెదవులు కదిలాయి, అంతే.

ఇంటి దగ్గర చాచీ చెప్పిన ఒక మాట నన్ను ఇప్పటికీ నిలవనివ్వడం లేదు. “మంగళవారం దుకాణం నుంచి వచ్చి మస్తు నవ్విన్రు బేటా. ఇత్వార్ నాడు నా చెవులకు ఇంతెహాన్ ఉంది, పిల్లగాడు పాస్ చేపిస్తడు చూడు అన్నరు.” నేను జవాబు చెప్పకుండా వచ్చేసినా, చెప్పినట్టే లెక్క వేసుకున్నారు.

నిన్న ఆదివారం. పొద్దున్నే పోయి వెనక గోడకు బొంతలు కట్టాను. స్పీకర్లు వంచాను. ఆంప్లిఫయరు మీది ఎకో బిరడను సున్నాకు తిప్పాను. బూడిదరంగు డబ్బాకు తీగ గుచ్చి గీత తిన్నగా వచ్చేదాకా చూసుకున్నాను. మైకు ముందు నిలబడ్డాను. గాలిలో లేక, భూకంపంలో లేక, అగ్నిలో కూడా లేక, అవన్నీ దాటిపోయాక మెల్లని స్వరమై ప్రవక్త దగ్గరికి వచ్చిన దేవుని గురించి చదివాను. ఎన్నోసార్లు చదివిన భాగమే. ఎప్పుడూ భూకంపం దగ్గరే బల్ల గుద్దేవాణ్ణి, స్వరం దగ్గరికి వచ్చేసరికి సమయం అయిపోయేది.

నిన్న స్వరం దగ్గర మొదలుపెట్టాను. వంటింట్లో మనుషులతో మాట్లాడినట్టు, ఒక్కొక్క మాటా విడిగా, ముందుది పూర్తిగా అణగిన తర్వాతే రెండోది. ఎర్ర చుక్క ఒక్కసారీ వెలగలేదు. ముందు వరుసలవాళ్ళు ఒంట్లో బాగా లేదేమో అన్నట్టు నా ముఖం చూశారు. కుర్రవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఇంత మెల్లగా చెబితే అసలు అందుతోందా? అడగడానికి వెనక బెంచీ మీద ఆయన లేరు.

అవ్వ ఉంది. బెంచీ చివర ముందుకు వంగి కూర్చుంది. కుడి అరచేతిని చెవి వెనక గిన్నెలా ఆనించుకుని ఉంది. నేను రెండో మాట చెప్పాను, మూడోది చెప్పాను. ఆ చెయ్యి చెవి దగ్గర నుంచి కదిలింది. మెల్లగా మెడ మీదుగా కిందికి దిగి, ఒళ్ళో ఉన్న రెండో చేతి మీద వాలింది. మళ్ళీ చెవి దగ్గరికి పోలేదు, తల మాత్రం నా మాట మాటకూ ఊగుతోంది.